చలి కళ్లందాకా రావాలి

బళ్లారి సరిహద్దు మిర్చికి శీతలీకరణ పరిశోధన చేయగల మేలు గోదాం గేటు దగ్గరే ఆగిపోతోంది. దాన్ని పొలం గట్టు వరకు నడిపించే దారి ఉంది.

సంక్రాంతి దాటిందంటే తుంగభద్ర కాలువల కింది నల్లరేగడి ఎర్రబారుతుంది. కురుగోడు, సిరుగుప్ప, బళ్లారి తాలూకాల్లో, సరిహద్దు దాటితే ఆలూరు, బొమ్మనహాళ్ వైపున కళ్లాల నిండా మిర్చి పరుచుకుని ఉంటుంది. 1953 అక్టోబరు 1న పాత బళ్లారి జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, తక్కినవి మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. అయినా కాలువ నీరు, పంట, కోతకు వచ్చే కూలీలు గీతకు రెండు పక్కలా ఒకటే. ఇక్కడి రైతు సరుకు అమ్ముకోవడానికి రెండు దిక్కులున్నాయి. పడమరన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో బ్యాడగి, తూర్పున 400 కిలోమీటర్లకు పైబడి గుంటూరు. ధర నచ్చని రోజున సరుకు ఆగేది కోల్డ్ స్టోరేజీలో. గుంటూరు యార్డులో ధరలు ప్రకటించేటప్పుడే ఏసీ సరుకు ఇంత, నాన్ ఏసీ సరుకు ఇంత అని విడివిడిగా చెబుతారు. అంటే ఈ పంట ధరలో చలి ఎప్పుడో భాగమైపోయింది.

వేడిని, చలిని వాడుకునే విద్యలో గత పదిహేనేళ్లలో ప్రపంచమంతా పెద్ద కదలిక వచ్చింది. భూమిని వేడెక్కించని గ్యాసులు, గ్యాసుతో పనిలేని యంత్రాలు, మిట్టమధ్యాహ్నం కూడా కప్పును చల్లబరిచే పూతలు, కరెంటు పోయినా చలిని నిలిపి ఉంచే పెట్టెలు ప్రయోగశాలల్లోంచి బయటికి వస్తున్నాయి. వీటిపై మన దగ్గర జరిగే చర్చ మాత్రం ఇంటి ఏసీ, మాల్, ఆఫీసు భవనం చుట్టూనే తిరుగుతుంది. బళ్లారి లాంటి జిల్లాకు ఈ పరిశోధన మొదట అక్కరకు రావాల్సింది కళ్లంలో అని ఈ కథనం వాదిస్తోంది. మిర్చి పోగొట్టుకునే విలువలో ఎక్కువ భాగం పోయేది గోదాంకు చేరకముందే. అక్కడ సరైన వేడి అందకపోతే, ఆ తర్వాత ఎంత చలి అందించినా పోయిన విలువ తిరిగి రాదు.

రంగు ఎక్కడ పోతుంది?

బ్యాడగి రకం మిర్చికి కారం తక్కువ, రంగు ఎక్కువ. 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిర్చిని, దాని పోలికలున్న సంకర రకాలను ఒలియోరెజిన్ కర్మాగారాలు కొనేది ఆ రంగు కోసమే. అక్కడ పిండి తీసిన సారం ఆహార పదార్థాలకు, సౌందర్య సాధనాలకు సహజమైన ఎరుపునిస్తుంది. రంగును ఆస్టా అనే ప్రమాణంలో కొలుస్తారు. మంచి బ్యాడగి సరుకు 150 యూనిట్లు దాటుతుంది. ఈ ఎరుపుకు మూలం క్యాప్సాంథిన్, క్యాప్సోరుబిన్ అనే పదార్థాలు. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా విరిగిపోతాయి. వెలుతురు, వేడి ఆ పనిని వేగవంతం చేస్తాయి. అందుకే ఎండాకాలంలో మామూలు గోదాంలో ఉంచిన కాయ కొద్ది నెలల్లోనే వెలిసిపోతుంది. 4 నుంచి 8 డిగ్రీల మధ్య, చీకట్లో ఉంచిన కాయ మరుసటి పంట వచ్చేదాకా నిగారింపు నిలుపుకుంటుంది. చలి చేసే మేలు ఇదే, ఇది చిన్నదేమీ కాదు.

అయితే చలి ఉన్నదాన్ని నిలపగలదు గాని పోయినదాన్ని తేలేదు. పండు మిర్చిలో కోత నాటికి నూటికి 70 పాళ్లకు పైగా నీరుండవచ్చు. నిల్వకు అది 10, 11 శాతానికి దిగాలి. ఈ పనిని ఇప్పుడు చేస్తున్నది కేవలం ఎండ, కళ్లం. పదీ పదిహేను రోజులు ఆరుబయట పరిచిన కాయపై పగలంతా మండే వెలుతురు పడుతుంది, రాత్రి మంచు కురుస్తుంది. మధ్యలో అకాల వర్షం పడితే తడిసిన కాయ నల్లబడి తాలు కింద లెక్కకు వస్తుంది. తేమ తగినంత దిగని కాయలో ఆస్పర్జిల్లస్ జాతి బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కిలో మిర్చిలో అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదని యూరప్ దేశాల నిబంధన. ఒకసారి ఏర్పడిన ఆ విషాన్ని గోదాం చలి తీసేయలేదు. సరిగా ఆరని టిక్కీని, అంటే మిర్చి బస్తాను, కోల్డ్ స్టోరేజీలో పెట్టడమంటే, చెడిన నాణ్యతను అద్దె కట్టి మరీ భద్రపరచడమే.

దేశం మొత్తానికి వేసిన లెక్క కూడా ఇదే మాట చెబుతుంది. దేశంలోని శీతల సదుపాయాలపై నాబార్డ్ అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ 2015లో చేసిన అంచనా ప్రకారం కావలసిన కోల్డ్ స్టోరేజీ సామర్థ్యం 351 లక్షల టన్నులు కాగా అప్పటికే 318 లక్షల టన్నులు ఉంది. అంటే లోటు నూటికి పది పాళ్ల లోపే. పంటను ఊరి దగ్గరే శుభ్రపరిచి, ఏరి, సిద్ధం చేసే ప్యాక్ హౌస్‌లు 70,080 కావాలి. అప్పటికి ఉన్నవి 249. పండ్లు, కూరగాయలను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్కే అయినా, మనం డబ్బు ఎక్కడ పోశామో, ఎక్కడ పోయలేదో దీనిలో స్పష్టంగా ఉంది. గొలుసు చివరి కొస బలంగా ఉంది, మొదటి కొస దాదాపు లేదు. మిర్చి విషయంలో ఆ మొదటి కొస కళ్లమే.

ప్రపంచం తిరిగి వస్తున్న గ్యాసు

శీతలీకరణ పరిశోధన అనగానే కొత్త గ్యాసు కనిపెట్టడమే అనుకునే రోజులు చాలాకాలం నడిచాయి. 1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే అమోనియాతో నడిచే కంప్రెసర్ యంత్రాన్ని నిలబెట్టాడు. ఘాటైన, విషపూరితమైన ఆ గ్యాసుకు బదులుగా 1920ల చివర అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం ఫ్రియాన్‌ను తెచ్చింది. అది వాసన లేనిది, మండనిది. యాభై ఏళ్లు దానికి తిరుగులేకపోయింది. 1974లో మొలినా, రౌలాండ్‌లు ఆ జాతి గ్యాసులు ఓజోన్ పొరను తినేస్తాయని చూపించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వాటిని సాగనంపింది. వాటి చోటులోకి వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్ జోలికి పోలేదు గాని భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ను వందల, వేల రెట్లు మించాయి. ఏసీల్లో విరివిగా వాడిన ఆర్-410ఏ వాయువు ఒక కిలో బయటికి పోతే వందేళ్లలో చూపే ప్రభావం రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. 2016లో రువాండా రాజధాని కిగాలీలో కుదిరిన సవరణ వీటి వాడకాన్ని కూడా తగ్గించమంది. 2021లో దానికి ఆమోదం తెలిపిన భారతదేశం 2032లో 10 శాతంతో మొదలుపెట్టి 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. తర్వాతి తరంగా వచ్చిన హెచ్‌ఎఫ్‌వోలపై కూడా అనుమానాలు మొదలయ్యాయి. వాటిలో కొన్ని గాలిలో విరిగి, నీటిలో చేరి ఎన్నాళ్లకూ పోని ఆమ్లంగా మారుతున్నాయి.

ఈ నూరేళ్ల తిరుగుడు తర్వాత పరిశోధకులు మళ్లీ ప్రకృతిలో దొరికే వాయువుల దగ్గరికి వచ్చారు. అమోనియా, కార్బన్ డయాక్సైడ్, ప్రొపేన్ వాటిలో ముఖ్యమైనవి. అమోనియాకు ఓజోన్‌తో పేచీ లేదు, భూతాపంలో దాని వాటా సున్నా. గుంటూరు నుంచి బళ్లారి దాకా పెద్ద మిర్చి గోదాముల్లో చలి చేస్తున్నది ఎక్కువగా ఆ అమోనియానే. ఫ్రియాన్ రాజ్యమేలిన కాలంలోనూ పెద్ద గోదాములు దాన్ని వదల్లేదు, ఎందుకంటే అది చౌక, తక్కువ కరెంటుతో ఎక్కువ చలి ఇస్తుంది. కనుక గ్యాసు మార్పు అనే ఖరీదైన భారం మిర్చి గోదాములపై పెద్దగా పడదు. ఏసీ పరిశ్రమ ఇంకా దాటవలసిన ఏరు ఇది. ఇక్కడ మిగిలే డబ్బును, శ్రద్ధను గోదాంకు ముందున్న మెట్టుపై పెట్టడానికి మనకు వీలుంది.

అమోనియా ప్రమాదకరం కదా అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి. గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లు చేరితే అది ప్రాణానికి ముప్పు. ఆ స్థాయికి చాలా ముందే ముక్కు దాన్ని పసిగడుతుంది, కాబట్టి అప్రమత్తమైన చోట తప్పించుకునే వ్యవధి ఉంటుంది. పరిశోధన ఈ ముప్పును రెండు విధాలుగా తగ్గిస్తోంది. యంత్రంలో నింపే అమోనియా పరిమాణాన్ని బాగా తగ్గించిన పొందికైన యూనిట్లు ఒకటి. అమోనియాను యంత్రం గదికే పరిమితం చేసి, సరుకున్న గదుల్లోకి కార్బన్ డయాక్సైడ్‌నో ఉప్పునీటి లాంటి ద్రవాన్నో పంపే జంట వ్యవస్థ రెండోది. గోదాముల్లో రైతు సరుకును బూడిద చేసిన అగ్నిప్రమాదాలు కూడా మన ప్రాంతానికి తెలిసినవే. గోడల లోపల వాడే థర్మోకోల్ తరహా ఇన్సులేషన్ మంటను ఇట్టే అందుకుంటుంది. మంటకు లొంగని ఇన్సులేషన్, గ్యాసు లీకును కనిపెట్టే సెన్సర్లు, సరుకుకు పూర్తి బీమా లైసెన్సు షరతులుగా అమలు కావాలి. సాంకేతికత తెలియక ఆగిన పనులు కావివి.

లెక్క చెప్పే నిజం

గోదాం యంత్రం సరుకులోంచి లాగిన వేడిని బయటికి వదులుతుంది. ఆ వేడిని పట్టి పక్కనే మిర్చిని ఆరబెట్టవచ్చు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కోతలు, గోదాం నింపడం ఒకే నెలల్లో జరుగుతాయి కాబట్టి అది మరింత ఆశ పెడుతుంది. లెక్క వేసి చూద్దాం. లక్ష టిక్కీల గోదాంలో నాలుగు వేల టన్నులకు పైగా సరుకు పడుతుంది. దాన్ని 40 డిగ్రీల నుంచి 6 డిగ్రీలకు దించాలంటే తీయాల్సిన వేడి సుమారు 75 వేల యూనిట్ల కరెంటుతో సమానం. ఇక ఆరబెట్టడం చూడండి. నూటికి 75 పాళ్ల నీరున్న పండు కాయలోంచి ఒక క్వింటా ఎండు మిర్చి రావాలంటే సుమారు 260 కిలోల నీరు ఆవిరి కావాలి. ఒక్కో కిలో నీటికి 2,400 కిలోజౌళ్ల వేడి అక్కర. ఆ ప్రకారం గోదాం వదిలే వేడినంతా ఒక్క బొట్టు పోకుండా పట్టినా, అందులో ఉన్న సరుకులో నూటికి ఒకటి రెండు వంతులను మాత్రమే ఆరబెట్టగలం.

ఈ లెక్క ఆశను తుంచినట్టు కనిపించినా అసలు విషయాన్ని బయటపెడుతుంది. మిర్చిని చల్లబరచడం కన్నా ఆరబెట్టడానికి ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తినంతా నేడు సూర్యుడు ఉచితంగా ఇస్తున్నాడు కాబట్టి ఎవరి ఖాతాలోనూ అది ఖర్చుగా కనిపించదు. ఖర్చుగా కనిపించని చోటికి పరిశోధన కూడా వెళ్లలేదు. కరెంటు బిల్లు వచ్చే చోట, అంటే గోదాంలో, ఏసీ గదిలో, అంగుళం అంగుళం మెరుగుదల వచ్చింది. బిల్లు రాని కళ్లంలో తాతల నాటి పద్ధతే మిగిలింది. అక్కడ రైతు చెల్లిస్తున్న మూల్యం తాలు కాయగా, వెలిసిన రంగుగా, తక్కువ గ్రేడుగా బయటపడుతుంది.

కనుక సూర్యుణ్ని తప్పించి యంత్రాన్ని పెట్టాలనడం అవివేకం. సూర్యుడి పనిని గాజు కిందికి, పారదర్శకమైన షీటు కిందికి తెచ్చి, చివరి మెట్టును యంత్రానికి అప్పగించడమే వివేకం. షీటు కప్పిన సోలార్ డ్రయ్యర్‌లో దుమ్ము, వాన, మంచు కాయను తాకవు. నేరుగా పడే వెలుతురును ఆపే ఏర్పాటు చేస్తే రంగు కూడా నిలుస్తుంది. గ్రామీణ మహిళల చేతికి సోలార్ డ్రయ్యర్లు ఇచ్చి పంటను ఆరబెట్టిస్తున్న మహారాష్ట్ర సంస్థ ఎస్4ఎస్ టెక్నాలజీస్ 2023లో ఎర్త్‌షాట్ బహుమతి గెలుచుకుంది. చిన్న రైతు స్థాయిలో ఈ పద్ధతి నడుస్తుందనడానికి అదే సాక్ష్యం. మబ్బు పట్టిన రోజున, కాయలో చివరి తేమ మొండికేసిన దశలో హీట్ పంప్ రంగంలోకి దిగుతుంది. ఇది లోపలి నిర్మాణంలో ఫ్రిజ్ లాంటి యంత్రమే. తడి గాలిని చల్లబరిచి నీటిని రాలుస్తుంది, ఆ క్రమంలో దొరికిన వేడిని తిరిగి అదే గాలికి ఇచ్చి కాయ మీదికి పంపుతుంది. ఆవిరితో పాటు పోవలసిన వేడి లోపలే తిరుగుతుంది కాబట్టి హీటర్ కన్నా ఎన్నో పాళ్లు తక్కువ కరెంటు చాలు. 50, 55 డిగ్రీల దగ్గర నెమ్మదిగా ఆరబెడుతుంది కాబట్టి కాయ మాడదు.

ఖర్చు సంగతి? ఒక యూనిట్ కరెంటుకు రెండు కిలోల నీటిని తీసే హీట్ పంప్ అనుకుందాం. మొత్తం నీటిని యంత్రంతోనే తీస్తే క్వింటా ఎండు మిర్చికి 130 యూనిట్లు అవుతాయి. యూనిట్ 7 రూపాయల చొప్పున అది 900 రూపాయల పైచిలుకు. సగం నీటిని ఎండకే వదిలేస్తే ఖర్చు సుమారు సగానికి దిగుతుంది. చివరి తేమ తీయడం కష్టం కాబట్టి కొంచెం ఎక్కువే వేసుకుందాం. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించిన ధర క్వింటాకు 11,781 రూపాయలు. ఆ ధరకు ఈ ఖర్చు నూటికి నాలుగైదు పాళ్లు. యంత్రం పెట్టుబడి దీనికి అదనం. అందుకే ఒక్కో రైతు విడిగా కొనుక్కోవడం కుదరదు, రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరిట పది కళ్లాలకు ఒకటి ఉండాలి. వాన దెబ్బ తిన్న ఏడాది తాలు కింద పోయే సొమ్ముతో పోలిస్తే ఇది మోయగల భారమే.

బళ్లారి ఎండను పనిలో పెట్టడం

గోదాంలోనూ చేయవలసిన పని మిగిలే ఉంది, అక్కడ పరిశోధన ఫలితాలు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది పైకప్పు. హైదరాబాద్‌లోని ఒక శిక్షణ కేంద్రం భవనాలపై అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లని పూత వేస్తే చల్లదనానికి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గుతుందని, నల్లని కప్పుపై వేస్తే ఆదా ఇంకా ఎక్కువని అది తేల్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానానికి వెనక ఇలాంటి కొలతల బలం ఉంది. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఆశ్వత్ రామన్ బృందం మరో అడుగు వేసింది. ఎండలో నేరుగా ఉంచిన ఒక పలక చుట్టూ ఉన్న గాలి కన్నా దాదాపు 5 డిగ్రీలు చల్లగా నిలిచింది. తనలోని వేడిని వాతావరణం అడ్డుకోని తరంగాల రూపంలో ఆకాశంలోకి పంపేయడమే దాని రహస్యం. గాలి పొడిగా, ఆకాశం నిర్మలంగా ఉన్న చోట ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బళ్లారి ఆకాశం సరిగ్గా అలాంటిదే.

ఇక్కడ బళ్లారికే ప్రత్యేకమైన ఒక అడ్డంకి ఉంది. సండూరు కొండల ఇనుప ఖనిజం ధూళి, లారీల దుమ్ము, స్పాంజ్ ఐరన్ కర్మాగారాల మసి తెల్లని కప్పును కొద్ది నెలల్లోనే మురికి చేస్తాయి. పూత మెరుపు తగ్గితే ఆదా తగ్గుతుంది. ఇతర నగరాల్లో కొలిచిన అంకెలను యథాతథంగా ఇక్కడ అతికించకూడదు. ఏ పూత ఈ ధూళిని ఎన్ని నెలలు తట్టుకుంటుంది, ఏడాదికి ఎన్నిసార్లు కడగాలి, దానికి ఎంత నీరు పడుతుంది అన్నవి ఇక్కడే, ఈ కప్పుల మీదే కొలవవలసిన ప్రశ్నలు. స్థానిక విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇంతకన్నా మంచి పరిశోధనాంశం అక్కర్లేదు.

రెండోది నీరు. బయట 40 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటే, నీరు ఆవిరయ్యే చోట ఉష్ణోగ్రత 25 డిగ్రీల లోపుకు దిగుతుంది. గోదాం యంత్రం తన వేడిని 40 డిగ్రీల గాలిలోకి కాకుండా ఈ చల్లని తడి ఉపరితలం మీదికి వదిలితే, ఆదర్శ లెక్కలో యంత్రం పడే శ్రమ దాదాపు సగం తగ్గుతుంది. వాస్తవంలో అంత రాకపోయినా లాభం పెద్దదే. అయితే ఒక లీటరు నీరు ఆవిరైతే పోయే వేడి ముప్పావు యూనిట్ లోపే. ముందు చెప్పిన గోదాం సరుకును చల్లబరచడానికే లక్ష లీటర్ల పైన నీరు ఖర్చవుతుంది. పూడికతో తుంగభద్ర జలాశయం 133 టీఎంసీల నుంచి 105 టీఎంసీల స్థాయికి కుంగిన ప్రాంతంలో, 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయి రైతుల గుండె జారిన చోట, నీటి లెక్క రాయని శీతల ప్రణాళిక పూర్తి కాదు. గోదాం కప్పు మీద పడే వాన నీటిని నేల ట్యాంకులో నిలిపి ఈ పనికి వాడుకునే ఏర్పాటు కొత్త నిర్మాణాలకు తప్పనిసరి కావాలి.

మూడోది కరెంటు వేళలు. పొరుగున పావగడలో 2,050 మెగావాట్లు, కర్నూలు ప్రాంతంలో 1,000 మెగావాట్ల సౌర పార్కులున్నాయి. మధ్యాహ్నం కరెంటు పుష్కలం, సాయంత్రం కటకట. 2023లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల నిబంధనలు సౌర వేళల్లో టారిఫ్ కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నాయి. కరెంటును బ్యాటరీలో దాచడం ఖరీదైన పని, చలిని దాచడం చౌక. మంచుగా గడ్డకట్టే ద్రవాల పలకలను గది కప్పుకు వేలాడదీసి పగలు గడ్డకట్టిస్తే, సాయంత్రం కంప్రెసర్ ఆపేసినా గది చల్లగానే ఉంటుంది. పుణెకు చెందిన ఎకోజెన్ సౌరశక్తితో నడిచే చిన్న శీతల గదుల్లో, ప్రొమీథియన్ పవర్ పాల కేంద్రాల్లో ఈ సూత్రాన్నే వాడుతున్నాయి. ఎండు మిర్చి గోదాంకు ఇది ఇంకా సులువు, ఎందుకంటే వేల టన్నుల చల్లని టిక్కీలే ఒక పెద్ద చలి నిధి. మంచి ఇన్సులేషన్ ఉంటే నాలుగు గంటలు యంత్రం ఆగినా లోపలి ఉష్ణోగ్రత పెద్దగా కదలదు.

గ్యాసే లేని శీతలీకరణ గురించి కూడా వినిపిస్తోంది. లాగి వదిలితే చల్లబడే లోహాలు, అయస్కాంతంతో వేడెక్కి చల్లబడే పదార్థాలు, 2022 చివర బర్క్‌లీలో డ్రూ లిల్లీ, రవి ప్రషేర్ ప్రకటించిన ఉప్పు అయాన్ల పద్ధతి అన్నీ ఆశ కలిగించేవే. అవి గోదాం స్థాయికి రావడానికి ఇంకా సమయం పడుతుంది. వాటి కోసం ఎదురుచూస్తూ చేతిలో ఉన్నవాటిని పక్కన పెట్టడానికి కారణం లేదు.

ధర పడితే చలి ఏం చేస్తుంది?

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇది. 2024 మార్చి 11న బ్యాడగి మార్కెట్‌లో ధర పడిపోయిందన్న ఆగ్రహంతో రైతులు వాహనాలకు నిప్పు పెట్టారు, మార్కెట్ కార్యాలయంపై విరుచుకుపడ్డారు. మరుసటి ఏడాది గుంటూరు వైపున ధరలు కుప్పకూలి కేంద్రం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. గోదాముల్లో నిరుటి సరుకు పేరుకుపోయినప్పుడు కొత్త పంట ధరను అదే కిందికి లాగుతుంది. అలాంటప్పుడు అద్దె కట్టి ఆగిన రైతు మరింత నష్టపోతాడు. కాబట్టి చలిని నమ్ముకోమనడం మోసం కాదా? ఈ వాదనలో నిజం ఉంది. కోల్డ్ స్టోరేజీ ధరకు హామీ కాదు, అది వ్యవధిని మాత్రమే ఇస్తుంది. ఆ వ్యవధిని ఎక్కువగా వాడుకోగలిగింది అప్పు ఒత్తిడి లేని వ్యాపారి. కళ్లానికే ముందు చోటు ఇవ్వాలనడానికి కారణం కూడా ఇదే. ధర పెరిగినా పడినా, బాగా ఆరిన, రంగు నిలిచిన, విషం లేని కాయకు తాలు కాయ కన్నా ఎక్కువే పలుకుతుంది. నిల్వ లాభం మార్కెట్ దయ మీద ఆధారపడుతుంది, నాణ్యత లాభం ఏ ధర ఉన్నా రైతుకు దక్కుతుంది. నిల్వ పెట్టదలచిన రైతుకు 2007 గిడ్డంగుల చట్టం కింద రసీదు మీద అప్పు పుట్టే దారి ఉంది. ఆ దారి మిర్చి రైతుకు నిజంగా తెరుచుకోవాలంటే సరుకు తేమ, రంగు కొలిచి రాసిన రసీదు కావాలి. సరిగా ఆరబెట్టిన సరుకుకే అలాంటి రసీదు దొరుకుతుంది.

ప్రభుత్వాల సాయం ఇంతవరకు నిర్మాణం వైపే మొగ్గింది. ఉద్యాన మిషన్ కింద కోల్డ్ స్టోరేజీకి సాధారణ ప్రాంతాల్లో 35 శాతం సబ్సిడీ ఉంది. 2020లో మొదలైన లక్ష కోట్ల వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి రెండు కోట్ల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తోంది. 2019 నాటి జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2037–38 నాటికి చల్లదనానికి అయ్యే ఇంధనాన్ని 25 నుంచి 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ మూడింటిని కలిపి కళ్లం వైపు తిప్పడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కొత్త గోదాంకు సబ్సిడీ ఇచ్చేటప్పుడు దాని పరిధిలోని ఊళ్లలో ఉమ్మడి డ్రయ్యర్లు కూడా నెలకొల్పాలన్న ఒక్క షరతు చాలు.

పరిశోధన కేంద్రాల కొరత కూడా లేదు. బళ్లారి పక్కనే హగరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం, దానికి మాతృసంస్థ రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, మైసూరులో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, గుంటూరు దగ్గర మిర్చి రకాలకు పేరొందిన లాం ఫారం, నార్వే పరిశోధకులతో కలిసి కార్బన్ డయాక్సైడ్ యంత్రాలను మన వేడిలో పరీక్షించిన ఐఐటీ మద్రాసు ఉన్నాయి. 31 డిగ్రీల పైన కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా మారదు కాబట్టి ఏసీకి మన వాతావరణంలో అది ఇబ్బందే, కాని వేడి గాలి తయారీకి అదే లక్షణం కలిసివస్తుంది. ఇంటి ఏసీని మెరుగుపరచడానికి భారత ప్రభుత్వం కూడా భాగస్వామిగా నడిచిన గ్లోబల్ కూలింగ్ ప్రైజ్ 2021లో రెండు బృందాలను విజేతలుగా ప్రకటించింది. మిర్చి కళ్లానికి తగిన డ్రయ్యర్ కోసం కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కలిసి అలాంటి పోటీ పెట్టాలి. షరతులు స్పష్టంగా ఉండాలి. క్వింటాకు ఇన్ని యూనిట్లు దాటకూడదు, ఆస్టా రంగు ఇంత నిలవాలి, తేమ 11 శాతం లోపుండాలి, ఊరి మెకానిక్ బాగుచేయగలగాలి, పరీక్ష బళ్లారి, ఆలూరు కళ్లాల్లోనే జరగాలి.

ఒకే కాలువ కింద, ఒకే ఎండలో పండే పంటకు రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు రెండు వేర్వేరు ప్రణాళికలు రాసుకోవడం ఇకనైనా ఆగాలి. రానున్న కోతలకు ముందు బళ్లారి, కర్నూలు, అనంతపురం జిల్లాల అధికారులు, రైతు సంఘాలు, గోదాం యజమానులు ఒకచోట కూర్చోవాలి. తాలూకాకు ఒక ఉమ్మడి డ్రయ్యర్‌తో మొదలుపెట్టి, ఆ ఏడాది వచ్చిన రంగు, తేమ, కరెంటు, ధర లెక్కలను తెలుగులోనూ కన్నడంలోనూ అందరి ముందూ పెట్టాలి. రైతు సోదరులు కూడా కొత్త గోదాం ఎప్పుడొస్తుందని అడగడంతో పాటు మా కళ్లానికి డ్రయ్యర్ ఎప్పుడొస్తుందని అడగాలి. అడిగేవాళ్లుంటేనే పరిశోధన పొలం దారి పడుతుంది.